గవర్రాజు హాలు విశాలమైన వైనం

సర్వే శాఖలో పనిచేసే గవర్రాజుకి ప్రభుత్వం ఇచ్చిన క్వార్టర్లో హాలు తొమ్మిదడుగుల వెడల్పు, పదడుగుల పొడవు. టేపు పట్టుకుని కొలిచింది గవర్రాజే కాబట్టి ఈ లెక్కని అనుమానించక్కర్లేదు. ఇరవై ఏళ్లుగా అతను చేల గట్లూ కాలవ గట్లూ కొలుస్తున్నాడు. అతని కొలత తప్పని ఇంతవరకూ ఏ ప్లీడరూ రుజువు చెయ్యలేకపోయాడు.

ఆ హాల్లో ఒక సోఫా, టీవీ బల్ల, వాళ్లమ్మ మాణిక్యాంబగారి నవారు మంచం, భార్య సుభాషిణి కుట్టుమిషను, కవల ఆడపిల్లల పుస్తకాల బీరువా ఉండేవి. ఇవి పోగా మిగిలిన చోట మనుషులు నడిచేవారు. ఇద్దరు ఎదురుపడితే ఒకరు సోఫా ఎక్కి రెండోవారికి దారివ్వాలి. నేను పక్క క్వార్టర్లోనే ఉంటాను. పేపరు కోసం వెళ్లినప్పుడల్లా గుమ్మంలో నిలబడే పలకరించి వచ్చేవాణ్ణి.

పెద్ద క్వార్టరు కోసం గవర్రాజు దరఖాస్తు పెట్టి నాలుగేళ్లయింది. జాబితాలో జరిగి జరిగి రెండో నంబరుకి వచ్చాడు. మొదటి నంబరాయనకి వేరే జిల్లాకి బదిలీ అయింది. ఇంక రేపోమాపో అనుకుంటూ, కొత్త ఇంట్లో అత్తగారి మంచం ఏ కిటికీ పక్కన వెయ్యాలో కూడా సుభాషిణి నిర్ణయించేసుకుంది.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా ఉద్యోగ నివాసాల మండలి అధ్యక్షులవారు వారం రోజుల శిక్షణకి వెళ్లొచ్చారు. చిన్న హాలుని విశాలంగా కనిపించేలా అలంకరించడం ఎలా అన్నది అందులో అంశం. ఊటీలో, కనుచూపుమేర పచ్చిక ఉన్న పెద్ద హోటల్లో నేర్పించారట. తిరిగొచ్చాక ఆయన మమ్మల్నందర్నీ సమావేశపరిచారు.

"ఇన్నాళ్లూ మనం పొరపాటు పడ్డాం. ఇరుకు గోడల్లో లేదు. చూసేవారి దృక్పథంలో ఉంది. దృక్పథం మారితే కొత్త క్వార్టర్లు కట్టవలసిన అగత్యమే ఉండదు," అన్నారు.

కట్టవలసిన అగత్యం లేదన్న మాట పైవాళ్లకి బాగా నచ్చింది. వారం తిరక్కుండా అందరికీ సర్క్యులరు వచ్చింది.

"ఇందుమూలముగా సమస్త నివాసితులకు తెలియజేయడమేమనగా, ఇకపై హాలు వైశాల్యము టేపుతో గాక, అందు ప్రవేశించిన అధికారి పొందు అనుభూతిని బట్టి నిర్ధారించబడును. ఇట్లు నిర్ధారించిన కొలతకు అనుభూత చదరపు అడుగు అని పేరు. పాత కొలతలు ఇందుమూలముగా రద్దు చేయబడినవి."

గవర్రాజు దాన్ని రెండుసార్లు చదివి మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆ పూట అన్నం సరిగ్గా తినలేదని సుభాషిణి చెప్పింది.

మొదటి తనిఖీకి విశాలతానుభూతి అధికారి కోదండపాణిగారు వచ్చారు. సన్నగా, పొడుగ్గా, చాలా మర్యాదగా ఉండే మనిషి. చంకలో ఒక చిన్న పీట. హాలు మధ్యలో పీట వేసుకుని, చెప్పులు విడిచి, దానిమీద కూర్చుని కళ్లు మూసుకున్నారు. ఆయన మోకాళ్లు ఒకటి సోఫాకీ, ఒకటి మంచంకోడుకీ ఆనాయి.

"టేపు తెమ్మంటారా?" అని గవర్రాజు అడిగాడు.

"వద్దండి. టేపు కేవలం పొడవును గ్రహిస్తుంది. నేను సారాన్ని గ్రహిస్తాను."

రెండు నిమిషాల తర్వాత కళ్లు తెరిచి, ఒకసారి కలయజూసి, ఫారంలో రాసుకున్నారు. అరవై ఒకటి.

"అదేంటండీ, ఇది తొంభై అడుగులు," అన్నాడు గవర్రాజు.

"మండలి తమరికి అప్పగించినది తొంభై. నాకు అనుభూతమైనది అరవై ఒకటి. మిగతా ఇరవై తొమ్మిది అడుగులు తమరి స్వాధీనంలో ఉండగా అదృశ్యమైనవి. ఇవి ప్రభుత్వ అడుగులు. సంజాయిషీ ఇవ్వవలసి ఉంటుంది."

"ఎక్కడికి పోతాయండీ? మంచం కిందా సోఫా కిందా ఉన్నాయి."

"ఆ ముక్కే రాసి ఇవ్వండి. సానుభూతితో పరిశీలిస్తాం."

మా ఇల్లు యాభై నాలుగే తేలింది. ఆ లెక్కన గవర్రాజే నయం. అయినా ఇరవై ఏళ్ల సర్వీసులో ఒక్క వీసమంత చోటు కూడా పోగొట్టని మనిషికి, ఇరవై తొమ్మిది అడుగులు పోగొట్టాడని నోటీసు రావడం మామూలు దెబ్బ కాదు. మూడు వారాల్లో హాలుని విశాలపరచకపోతే శాఖాపరమైన చర్య ఉంటుందని నోటీసు అడుగున రాశారు. దానికి జతగా అలంకరణ సూచనలు పదహారు పేజీలు.

సుభాషిణి ఆ పదహారు పేజీలూ చదివి కొంగు బిగించింది. గోడలకి తెల్ల సున్నం వేయించింది. కిటికీకి పైనించి కింద దాకా నిలువు చారల పరదా కట్టింది. నేలమీద వస్తువులు ఉండకూడదన్నారు కాబట్టి కుట్టుమిషనూ, పుస్తకాల బీరువా వంటింట్లోకి చేరాయి. వంటింటికి ఈ నిబంధన వర్తించదు. అప్పటినుంచీ ఆవిడ పొయ్యి దగ్గర పక్కకి తిరిగి నిలబడి వండేది. పిల్లలు లెక్కలు చేసుకోవాలంటే పప్పుల డబ్బాలు జరిపి పుస్తకం తీసుకునేవారు.

సామాను అడుగు ఎత్తుకి మించకూడదన్నది తొమ్మిదో సూచన. వడ్రంగి అప్పలాచారి వచ్చి సోఫా కాళ్లు, బల్ల కాళ్లు కోసేసి, చివరికి మంచం దగ్గర ఆగాడు.

"పెద్దావిడది కూడానా?" అన్నాడు.

"సూచనల్లో పెద్దావిడకి మినహాయింపు లేదు," అన్నాడు గవర్రాజు.

మంచం నేలకి జానెడు ఎత్తుకి దిగింది. మాణిక్యాంబగారు దానిమీద జాగ్రత్తగా కూర్చున్నారు. కాసేపటికి లేవబోయి, మళ్లీ కూర్చున్నారు. మనవరాళ్లిద్దరూ చెరో చెయ్యీ పట్టి లాగితే గానీ లేవలేకపోయారు.

"కూర్చోడానికి బాగానే ఉందిరా నాయనా. లేవడం ఎలాగో ఆ కాగితాల్లో ఎక్కడన్నా రాశారేమో చూడు," అన్నారావిడ.

ఆఖర్న అద్దం వచ్చింది. ఉత్తరం గోడ మొత్తానికి సరిపోయే అద్దం. ఆరుగురు పట్టుకుని మేకులు కొట్టకుండా బిగించారు. బిగించాక అందరం గుమ్మంలోకి వెళ్లి చూశాం. హాలుకి అవతల ఇంకో హాలు పుట్టింది. అందులో ఇంకో సోఫా, ఇంకో మంచం, ఇంకో మాణిక్యాంబగారు.

మర్నాడు పేపరు కోసం వెళ్తే, లోపల్నించి బట్టతలాయన ఒకరు ఎదురొచ్చారు. దారివ్వడానికి నేను పక్కకి తప్పుకున్నాను. ఆయనా అటే తప్పుకున్నారు. ముందు మీరు పదండి అని చెయ్యి చూపించాను. ఆయనా అంత మర్యాదగానూ చూపించారు. సుభాషిణి వచ్చి "అన్నయ్యగారూ, పేపరు ఇటుంది," అనేదాకా ఈ మర్యాదలు నడిచాయి.

రెండో తనిఖీలో కోదండపాణిగారు పీటమీద కూర్చుని కళ్లు తెరవగానే ఆయన ముఖం విప్పారింది.

"రెండు వందలు," అన్నారు మెల్లిగా. "జిల్లాలో ఇది ప్రథమం."

"ఇంతకీ ఉన్నవి తొంభై అండి," అన్నాడు గవర్రాజు. ఆ మాట ఆయన రాసుకోలేదు. సుభాషిణి మాత్రం సంతోషించింది. నోటీసు రద్దయింది. ప్రశంసాపత్రం వచ్చింది. గోడకి తగిలిస్తే విశాలత తగ్గుతుందని దాన్ని బియ్యం డబ్బా వెనకాల పెట్టారు.

పది రోజుల తర్వాత మండలి నుంచి ఇంకో ఉత్తరం వచ్చింది. అందులో రెండు పేరాలు.

మొదటిది: శ్రీ గవర్రాజు హాలు రెండు వందల అనుభూత చదరపు అడుగులకు విస్తరించినందున, పెద్ద క్వార్టరు కొరకు ఆయన పెట్టుకున్న దరఖాస్తు అవసరము తీరినదిగా భావించి మూసివేయడమైనది.

రెండోది: ఆయన హోదాకు వంద అడుగులే అర్హత కనుక, అదనముగా ఉన్న వంద అడుగుల ఉత్తర భాగము ట్రెజరీ గుమాస్తా శ్రీ సన్యాసిరావుకు కేటాయించడమైనది.

గవర్రాజు ఆ ఉత్తరం చదివి సోఫాలో కూర్చుండిపోయాడు. నాలుగేళ్ల నిరీక్షణ ఒక వాక్యంలో అయిపోయింది. సుభాషిణి వంటింట్లోకి వెళ్లి, కుట్టుమిషనుకీ గోడకీ మధ్యనున్న సందులో నిలబడి కళ్లు తుడుచుకుంది.

మర్నాడు సన్యాసిరావు ట్రంకుపెట్టెతో, చుట్టచుట్టిన పరుపుతో దిగాడు. ముప్ఫై ఏళ్ల బ్రహ్మచారి, బక్కపల్చటి మనిషి. చేతిలో కేటాయింపు కాగితం.

"ఉత్తర భాగం నాకిచ్చారండి. అటేనా?" అంటూ అద్దందాకా వెళ్లి, తనకి తాను ఎదురై ఆగిపోయాడు. కాగితం ఒకసారి చదువుకున్నాడు. అద్దాన్ని వేలితో తట్టి చూశాడు.

"లోపలికెలా వెళ్లాలండీ?"

"మాకూ తెలీదు బాబూ. మేమింకా వెళ్లలేదు," అన్నారు మాణిక్యాంబగారు.

ట్రంకుపెట్టె మీదే కూర్చుని అతను తన సంగతి చెప్పాడు. అద్దె గది ఖాళీ చేయించారట. మూడు నెలలుగా ట్రెజరీ రికార్డు గదిలో, పాత రిజిస్టర్ల మధ్య పడుకుంటున్నాడట. మూడు రోజుల్లోగా కేటాయించిన చోట చేరినట్టు రాసివ్వకపోతే ఇదీ పోతుందట. చెబుతున్నంతసేపూ ట్రంకుపెట్టె గొళ్లాన్ని తెరుస్తూ మూస్తూ ఉన్నాడు.

సుభాషిణి కాఫీ తెచ్చిచ్చింది. "ఈ కుర్రాణ్ణి మళ్లీ ఆ దుమ్ములోకి ఎలా పంపిస్తాం?" అని మొగుణ్ణి వంటింటి గుమ్మంలో అడిగింది. గవర్రాజు కూడా పంపించలేకపోయాడు. పరుపు సోఫాకీ మంచానికీ మధ్య పరిచారు.

మూడో రోజున కోదండపాణిగారు విచారణకొచ్చారు. సన్యాసిరావు పరుపుమీద కూర్చుని ఉన్నాడు. కోదండపాణిగారు అతని వైపు చూడలేదు. అద్దంలోకి చూశారు.

"ఉత్తర భాగంలో సామానుతో సహా నివసిస్తూ కనిపించుచున్నారు," అని రాసుకుని సంతకం పెట్టించుకున్నారు.

అలా తొంభై అడుగుల హాల్లో ఒక మనిషి పెరిగాడు. ఇప్పుడు దారివ్వాలంటే ఇద్దరు సోఫా ఎక్కాలి. గవర్రాజు సెలవు పెట్టి మండలి కార్యాలయానికి వెళ్లాడు. తోడుగా నేనూ వెళ్లాను. ఆ కార్యాలయం పాతకాలపు బంగళా. పొడుగాటి వసారా, గుర్రబ్బండి తిరిగేటంత హాలు, దాన్నిండా ఫైళ్ల గుట్టలు. అధ్యక్షులవారు మమ్మల్ని కూర్చోమన్నారు.

"అయ్యా, అద్దం తీసేస్తానండి. మా దరఖాస్తు మళ్లీ తెరిపించండి," అన్నాడు గవర్రాజు.

"అద్దం మీది. విశాలత మాత్రం మండలిది. సాధించిన విశాలతను తగ్గించడం ప్రభుత్వ ఆస్తిని ధ్వంసం చేయడం కిందికి వస్తుంది. తమరు విద్యావంతులు, ఆలోచించండి," అన్నారాయన. చాలా సౌమ్యంగానే అన్నారు.

ఇంటికొచ్చి ఈ మాట చెబితే, సన్యాసిరావు తలొంచుకుని తన పరుపు చుట్టడం మొదలెట్టాడు. సుభాషిణి వారించింది. కాసేపు అద్దం వైపు చూసింది.

"తగ్గించడం నేరమన్నారు. పెంచితే?" అంది.

పెంచితే నేరమని సర్క్యులర్లో ఎక్కడా లేదు. నలుగురం కలిసి నాలుగుసార్లు వెతికాం. ఆదివారంనాడు దక్షిణం గోడకి కూడా అద్దం బిగించారు.

ఉత్తరం అద్దంలో దక్షిణం అద్దం, దానిలో మళ్లీ ఉత్తరం అద్దం. ఎటు చూసినా హాలు వెనకాల హాలు. ఎవరైనా దగ్గితే బారులుగా ఊరంత మంది నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేవారు. మాణిక్యాంబగారిని మనవరాళ్లు లేపుతుంటే పెద్ద సైన్యం ఒక్కసారి లేచినట్టుండేది.

కోదండపాణిగారు కబురందుకుని వచ్చారు. పీటమీద కూర్చుని కళ్లు తెరిచి, ఒకటి, రెండు అని హాళ్లు లెక్కపెట్టుకుంటూ పోయారు. పదిహేడో హాలు దగ్గర ఆయన గొంతు తగ్గింది. అక్కణ్నించి హాళ్లు పచ్చగా మసకబారుతున్నాయి. ఆయన లేచి కిటికీ ఊచలు పట్టుకున్నారు. సుభాషిణి మజ్జిగ ఇచ్చింది.

"నాలుగు వేలు, ఆపైన పరిశీలనకు అందనంత," అని రాసుకున్నారు.

ఇంత విశాలత దొరికితే మరో ముప్ఫైమందిని తెచ్చి దింపుతారేమోనని నేను భయపడ్డాను. అలా జరగలేదు. జిల్లాలోకెల్లా విశాలమైన హాలు కాబట్టి మండలి సర్వసభ్య సమావేశం అందులోనే జరపాలని అధ్యక్షులవారు ఆదేశించారు.

సభ్యులు పదకొండుగురు, అధ్యక్షులు ఒకరు. గవర్రాజు కుటుంబం, సన్యాసిరావు మా ఇంట్లో కూర్చున్నారు. నేను మాత్రం గుమ్మంలో నిలబడి చూశాను. నలుగురు సోఫాలో, ముగ్గురు నవారు మంచంమీద, మిగిలినవాళ్లు నేలమీద, ఒకరి మోకాళ్లు ఒకరి వీపుకి ఆనించుకుని కూర్చున్నారు. మండలి గుమాస్తా వంటింట్లో కుట్టుమిషను మీద కాగితాలు పెట్టుకుని రాసుకుంటున్నాడు. సుభాషిణి పంపిన టీ కప్పులు చేతులమీదుగా లోపలికి వెళ్లి, సగం ఖాళీ అయ్యాక చివరాయనకి అందాయి.

"ఇంత విశాలమైన చోట మనం ఇంత దగ్గరగా ఎందుకు కూర్చున్నామండీ?" అని ఒక కొత్త సభ్యుడు అడిగాడు.

"అది సాన్నిహిత్యం," అన్నారు అధ్యక్షులవారు.

ఒక లావుపాటి సభ్యుడు ఊపిరాడక, అదిగో అక్కడ బోలెడు చోటుందంటూ లేచి, గబగబా ఉత్తరం వైపు నడిచారు. నుదురు అద్దానికి తగిలిన చప్పుడు మా ఇంట్లోకి కూడా వినిపించింది. "సభ్యులొకరు విస్తరణ దిశగా చొరవ చూపిరి" అని గుమాస్తా రాసుకున్నాడు.

సమావేశం ముగిసేసరికి తీర్మానం అయిపోయింది. మండలి ప్రధాన కార్యాలయాన్ని నాలుగు వేల అడుగుల పై చిలుకు ఉన్న ఈ హాల్లోకి మార్చాలి. గవర్రాజు వారంలోగా ఖాళీ చెయ్యాలి. తీర్మానం చదివాక అధ్యక్షులవారు జానెడెత్తు సోఫాలోంచి లేవలేకపోతే, ఇద్దరు సభ్యులు చెరో చెయ్యీ పట్టి లాగారు.

ఖాళీ చెయ్యమన్న కాగితం చూసి ఈసారి గవర్రాజు నిజంగానే కుంగిపోయాడు. "కొలవడం తప్ప నాకేమీ రాదు. అదీ పనికిరాకపోయె," అన్నాడు. రెండో అద్దం తన ఆలోచనే కాబట్టి సుభాషిణి తనని తాను తిట్టుకుంది.

అప్పుడు సన్యాసిరావు నోరు విప్పాడు. మూడు నెలలు రికార్డు గదిలో పడుకున్నవాడు పొద్దుపోక నిబంధనలన్నీ చదివేశాడు. మండలి తన అవసరానికి ఎవరినైనా ఖాళీ చేయిస్తే, తన అధీనంలో ఖాళీగా ఉన్న చోటు, వారి అర్హతకి మించకుండా ఇచ్చితీరాలి. అది ఇరవై మూడో నిబంధన.

"ఖాళీగా ఉన్నదేముందయ్యా?" అన్నాను నేను.

"వాళ్లు ఖాళీ చెయ్యబోయే కార్యాలయం ఉందిగా అండీ."

"అది నాలుగు వేల అడుగుల బంగళా. వీళ్ల అర్హత వంద."

"టేపుతో కొలిస్తే నాలుగు వేలు. పాత కొలతలు రద్దయిపోయాయి కదండీ."

అర్జీ పెట్టారు. అర్జీ వచ్చాక కొలవక తప్పదు. కోదండపాణిగారు పీట తీసుకుని బంగళాకి వెళ్లారు. మేమూ వెనకాలే వెళ్లాం. గోడలకి ఎప్పటిదో నాచురంగు. కిటికీలకి అడ్డంగా ఇనప బీరువాలు. పైకప్పుదాకా ఫైళ్లు. వాటి మధ్య పీట వేసుకుని ఆయన కళ్లు మూసుకున్నారు. పైనించి ఒక ఫైలు జారి ఆయన ఒళ్లో పడింది. కళ్లు తెరిచి, నాలుగు పక్కలా చూసి, నిట్టూర్చారు.

"తొంభై ఎనిమిది," అని రాశారు.

వందకి రెండు తక్కువ. గవర్రాజుకి సరిగ్గా అర్హత ఉన్న ఇల్లు. ఉత్తర్వు మీద సంతకం పెట్టడానికి అధ్యక్షులవారు కాస్త తటపటాయించారట. కానీ అనుభూతిని అనుమానిస్తే ఆయన పథకమే పోతుంది. పెట్టారు. సన్యాసిరావు కేటాయింపు కాగితంలో గవర్రాజు నివాసంలో ఉత్తర భాగం అని మాత్రమే ఉంది కాబట్టి, ఆ బంగళాలో ఉత్తరం వైపు గది అతనికొచ్చింది. తలుపున్న గది.

ఫైళ్లు మాత్రం సమస్యయ్యాయి. మండలి కొత్త కార్యాలయంలోకి అవి పట్టవు. పడతాయని కాగితం మీద తేలినా, గుమ్మం ఒప్పుకోలేదు. చివరికి వాటిని గోడౌనుకి తోలించేశారు. అవి వెళ్లిపోయాక బంగళా కిటికీలు తెరుచుకున్నాయి. మాణిక్యాంబగారికి ఎత్తు మంచం చేయించారు. పిల్లలిద్దరూ ఆ హాల్లో సైకిలు తొక్కడం నేర్చుకున్నారు.

నేను ఒక మధ్యాహ్నం చూడ్డానికి వెళ్లాను. వసారాలో కోదండపాణిగారు కారియర్ విప్పుకుని భోంచేస్తున్నారు. మా పక్కింటి తొమ్మిది బై పది హాల్లో ముప్ఫై ఎనిమిది మంది సిబ్బంది పనిచేస్తున్నారని, అన్నం తినాలంటే పక్కవాళ్ల మోచెయ్యి ఖాళీ అయ్యేదాకా ఆగాలని సుభాషిణి నాతో మెల్లిగా చెప్పింది. రోజూ ఇక్కడికి వచ్చి తినమని ఆవిడే చెప్పిందట.

ఆయన భోంచేసి చెయ్యి కడుక్కుని, స్తంభానికి వీపు ఆనించి, ఆ పొడుగాటి కాళ్లు వసారా పొడుగునా చాపుకున్నారు. ఎదురుగా తోటలో గాలి వేస్తోంది.

"ఎలా ఉందండీ ఇక్కడ?" అని అడిగాను. ఆయన శాఖ భాషలో ఏదో వస్తుందని ఎదురుచూశాను.

ఆయన కళ్లు మూసుకోకుండానే తోట వైపు చూశారు.

"ఖాళీగా ఉందండి," అన్నారు.